సలహాలు ఇవ్వని గది

మనిషి కాస్త డీలా పడితే చాలు, మన ఇళ్లలో సలహాలకు కొదవుండదు. మేనత్త శనివారం ఉపవాసం ఉండమంటుంది. బాబాయి పొద్దున్నే వాకింగ్‌కు పొమ్మంటాడు. ఆఫీసులో పక్క సీటాయన ‘అసలు నీకేం తక్కువ’ అని తేల్చేస్తాడు. వీళ్లెవరికీ మన మీద ప్రేమ లేక కాదు. ఇంతమంది చెప్పినా దిగని బరువు ఉండబట్టే ఒకరోజు కౌన్సెలర్ నంబరు కోసం వెతుకుతాం. తీరా వెళ్లాక, ఎదురుగా కూర్చున్న మనిషి సలహా చెప్పరు. అడుగుతారు, వింటారు, రాసుకుంటారు, మళ్లీ అడుగుతారు. ‘ఈమాత్రం దానికి ఫీజు కూడానా’ అనుకుని రెండోసారి గడప తొక్కనివాళ్లు చాలామందే. అక్కడ జరుగుతున్నది ఉబుసుపోక కబుర్లు కాదనీ, దానికో పద్ధతి ఉందనీ ముందే తెలిస్తే వాళ్లలో కొందరైనా ఆగేవారు.

మొదటి గంటలో ఏం జరుగుతుంది?

మొదటి సెషన్ ఇంచుమించు ముప్పావుగంట నుంచి గంట. ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుగా ఇలా ఉంది, నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, థైరాయిడ్ లాంటివేమైనా ఉన్నాయా, మందు అలవాటుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి ఇబ్బంది వచ్చిందా అని వరసగా అడుగుతారు. ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా’ అనీ సూటిగానే అడుగుతారు. ఉలిక్కిపడనక్కర్లేదు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టుకురాదు. ఉన్నవాళ్లకు మాత్రం ఎవరికీ చెప్పుకోలేక మోస్తున్నది దించుకునే వీలు దొరుకుతుంది.

కొందరు ఒక కాగితం చేతికిస్తారు. కుంగుబాటును అంచనా వేయడానికి ఎక్కువగా వాడే పీహెచ్‌క్యూ–9లో 9 ప్రశ్నలుంటాయి. గడిచిన రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎంత తరచుగా ఎదురైందో 0 నుంచి 3 వరకూ గుర్తించాలి. మొత్తం 27. ఎక్కువ వస్తే పరువు పోయేదేం లేదు, తగ్గించి రాస్తే నష్టం మనకే. కొన్ని వారాల తర్వాత అదే కాగితం మళ్లీ ఇస్తారు. ‘కాస్త నయమేనండీ’ అనే మొహమాటపు మాట కన్నా ఆ రెండు అంకెల మధ్య తేడా నమ్మదగినది.

చెప్పింది బయటికి పోతుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ఈ గోప్యతను హక్కుగానే గుర్తించింది. కొన్ని మినహాయింపులున్నాయి. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపించినా, కోర్టు అడిగినా చెప్పాల్సి రావచ్చు. పిల్లలపై లైంగిక నేరం సంగతి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా సరే అధికారులకు తెలియజేయాల్సిందే. మంచి కౌన్సెలర్ ఈ హద్దులను మొదటిరోజే చెబుతారు. చెప్పకపోతే అడగండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

బోర్డులన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ చదువులు వేరు. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పైచదువు చదివిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ పరీక్షలు చేసి, మాటలతో చికిత్స చేస్తారు. వీరికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడం అమర్యాద కాదు. కౌన్సెలర్ అన్న పేరు మాత్రం మన దగ్గర వారం రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసినవారూ పెట్టుకుంటున్నారు. కాబట్టి ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు, ఇలాంటి సమస్యలు ఇదివరకు చూశారా అని కనుక్కోవాలి. మందులూ మాటలూ ఒకదానికొకటి పోటీ కావు. తీవ్రమైన కుంగుబాటులో రెండూ కలిపి వాడటం మామూలే. వాడుతున్న మందులను కౌన్సెలింగ్ మొదలైంది కదా అని సొంతంగా ఆపేయకూడదు.

వినడం వెనక ఉన్న చరిత్ర

మాటలతో నయం చేయడమన్న ఆలోచన 1880ల్లో వియన్నాలో రూపు దిద్దుకుంది. బ్రాయర్, ఫ్రాయిడ్ అనే ఇద్దరు డాక్టర్లు రోగి మాట్లాడుతూ పోతే కొన్ని బాధలు సడలడం గమనించారు. అది మన దేశానికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి, ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లో తన సొంత సిద్ధాంతం గురించి వాదించారు కూడా.

1940ల్లో అమెరికాలో కార్ల్ రోజర్స్ ఇంకో మలుపు తిప్పారు. దారి చూపేది నిపుణుడు కాదనీ, తీర్పు చెప్పకుండా వినేవారు ఒకరుంటే మనిషి తన దారి తానే వెతుక్కుంటాడనీ ఆయన నమ్మకం. ‘అంటే, అన్నయ్య మీద కోపం కన్నా మీకు దిగులే ఎక్కువగా ఉందంటారా?’ అని మనం చెప్పిందాన్నే మరింత స్పష్టంగా మనకు తిప్పి చెప్పే పద్ధతి ఆయన నుంచి వచ్చిందే. మొదట్లో ఇది వింతగా ఉంటుంది. కానీ ఆ వాక్యం విన్నాక ‘కాదు, దిగులు కాదు, అవమానం’ అని మనమే దిద్దుకుంటాం. అప్పటిదాకా ఆ ముక్క మనకూ తెలియదు.

1960ల్లో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ కుంగుబాటులో ఉన్నవారి మనసులో చకచకా మెరిసి మాయమయ్యే ఆలోచనలను పట్టుకున్నారు. ‘నేను పనికిరాను’, ‘ఇక మారేదేం లేదు’ లాంటివి. వాటిని పరీక్షకు పెట్టవచ్చని చూపించారు. నేడు సీబీటీ పేరుతో ఎక్కువగా వినిపించే పద్ధతికి పునాది అదే. దీనికి సాధారణంగా 6 నుంచి 20 సెషన్లు పడతాయి.

కాగితం మీద ఒక వారం

ఈ పద్ధతి ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఉద్యోగం పోయి మూడు నెలలుగా ఇంట్లోనే ఉన్న నలభై ఏళ్ల మనిషి. కౌన్సెలర్ ఆయనకు ఒక పట్టిక ఇచ్చి, వారం పాటు ఏ గంటకు ఏం చేశారో, అప్పుడు మనసు ఎలా ఉందో 0 నుంచి 10 మధ్య అంకె వేసి తెమ్మన్నారు. ఆయన తెచ్చిన కాగితంలో అన్నీ ఒకట్లూ రెండ్లే. మంగళవారం సాయంత్రం మాత్రం 5 ఉంది.

‘‘ఇక్కడేం జరిగిందండీ?’’

‘‘ఏముంది మేడమ్, పాప సైకిల్ చైన్ ఊడిపోతే ఎక్కించాను. పది నిమిషాల పని.’’

‘‘ఆ పది నిమిషాలూ ఉద్యోగం సంగతి గుర్తొచ్చిందా?’’

‘‘... లేదు.’’

‘మీరు పనిలో పడండి’ అని కౌన్సెలర్ అనలేదు. ఆ మాట ఇంట్లో వందసార్లు విన్నదే. ఇప్పుడు ఆయన చేతిరాతే ఆయనకు ఆ సంగతి చెప్పింది. తర్వాతి వారానికి ఇద్దరూ కలిసి మూడు చిన్న పనులు ఎంచుకుంటారు. ‘మూడ్ బాగుంటే చేస్తాను’ అన్నది అందులో ఉండదు. బుధవారం ఏడింటికి రైతుబజారు, శుక్రవారం సాయంత్రం స్కూటర్ కడగడం అని రోజూ వేళా రాసుకుంటారు. మూడ్ వచ్చాక పని అని కూర్చుంటే రెండూ రావు. పని మొదలైతే మూడ్ దాని వెనకాలే వస్తుందన్నది ఇక్కడి సూత్రం.

అదే కాగితంలో బుధవారం పది గంటలకు ‘బావమరిది ఫోన్, ఎత్తలేదు, 1’ అని ఉంది. ఎందుకు ఎత్తలేదు? ‘నేను దండగ అని అందరూ అనుకుంటున్నారు’ కాబట్టి. ఆ మాటను ఎంత నమ్ముతున్నారు? నూటికి తొంభై. అనుకుంటున్నారనడానికి ఆధారం? పెళ్లిలో పెద్దాయన ఒకరు ‘ఇంకా ఖాళీయేనా’ అన్నారు. అనుకోవడం లేదనడానికి? అదే బావమరిది పోయిన నెల బ్యాంకు కాగితాలు చూసిపెట్టమని వచ్చాడు. చివరికి ఆయన రాసుకున్నది ఇది: ‘కొందరు అడుగుతారు, అడిగితే బాధే. అందరూ అలాగే అనుకుంటున్నారనడానికి నా దగ్గర రుజువు లేదు.’ నమ్మకం తొంభై నుంచి యాభైకి దిగింది. సున్నా కాలేదు, కానక్కర్లేదు కూడా. అంతా మంచే జరుగుతుందని నచ్చజెప్పడం ఈ పద్ధతి కాదు. ఆ వారం హోంవర్క్ బావమరిదికి ఫోన్ చేయడం.

చూడటానికి ఇంత మామూలుగా ఉన్నా ఇది పనిచేస్తుందనడానికి మన దేశంలోనే రుజువుంది. గోవాలో ‘సంగత్’ సంస్థ డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కుంగుబాటుతో ఉన్నవారికి 6 నుంచి 8 సెషన్లలో ముఖ్యంగా ఈ పట్టిక పద్ధతినే చేయించింది. ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మూడు నెలల తర్వాత ఈ సాయం అందినవారిలో 64 శాతం మంది కుంగుబాటు నుంచి బయటపడ్డారు. అందనివారిలో అది 39 శాతం.

అన్ని బాధలకూ ఇదే మందు కాదు. తాళం వేశానా లేదా అని ఇరవైసార్లు చూసుకునే మనిషికి, చూడకుండా ఉండటాన్ని మెట్టు మెట్టుగా అలవాటు చేస్తారు. పెళ్లి పెటాకుల దాకా వచ్చిన దంపతులను ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డుపడకుండా కూర్చోబెట్టడమే మొదటి పని. ఘోరమైనదేదో అనుభవించినవారిని మొదటిరోజే అదంతా చెప్పమని తొందరపెట్టరు.

పక్క కుర్చీలో కుటుంబం

మన దగ్గర ఒంటరిగా వచ్చేవారు తక్కువ. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాల్లో ఉండనిచ్చి, వారినీ చికిత్సలో కలుపుకున్నారు. ఇంటివాళ్లు తోడుంటే మేలేనన్న ఆ పాఠం నేటికీ చెల్లుతుంది. చిక్కల్లా, అమ్మాయిని అడిగిన ప్రశ్నకు నాన్న జవాబు చెప్పినప్పుడు. కౌన్సెలర్ కాసేపు బయట కూర్చోమంటే పెద్దవాళ్లు నొచ్చుకోకూడదు. ఇంటివాళ్లకు ఏం చెప్పాలో, ఏది చెప్పకూడదో వచ్చినవారితో మాట్లాడుకున్నాకే చెబుతారు.

కుదరకపోతే?

ఎడ్వర్డ్ బార్డిన్ అనే మనస్తత్వవేత్త 1979లో ఒక మాట తేల్చారు. ఏ పద్ధతైనా ఫలించాలంటే గమ్యం మీద, చేసే పని మీద ఇద్దరికీ ఒప్పుదల ఉండాలి, మధ్యలో నమ్మకం ఉండాలి. మూడు నాలుగు సెషన్లయినా ఎటు పోతున్నామో తెలియకపోతే ఆ మాటే అడగండి. తప్పుపట్టని కౌన్సెలర్ దగ్గర ఆ సంభాషణే మలుపు కావచ్చు. కొన్ని సెషన్ల తర్వాత మనసు మరింత బరువెక్కినట్టు ఉండటం సహజం. పాత గాయాన్ని కదిపినప్పుడు అలాగే ఉంటుంది. కానీ ఫలానా రోజుకల్లా నయమని హామీ ఇచ్చేవారు, మీ నమ్మకాలను వెక్కిరించేవారు లేదా తమవి మీ మీద రుద్దేవారు, బయట కలుద్దామనేవారు కనిపిస్తే మానేయడమే మంచిది. ఒకరు కుదరనంత మాత్రాన ఈ దారే పనికిరాదనుకోవద్దు.

ఖర్చు భయపెడితే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన తరుముతుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఆ నంబరుకు చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి.

చికిత్స ముగింపు కూడా పద్ధతిగానే ఉంటుంది. వారానికోసారి వెళ్లేది పదిహేను రోజులకు, తర్వాత నెలకు మారుతుంది. చివరి సెషన్లలో ఒక కాగితం రాయిస్తారు. మళ్లీ దిగజారుతున్నానని నాకు మొదట ఎలా తెలుస్తుంది? నిద్ర తగ్గుతుందా, ఫోన్లు ఎత్తడం మానేస్తానా? అప్పుడు ముందుగా చేయాల్సిన మూడు పనులేవి? ఎవరికి చెప్పాలి? జవాబులన్నీ మన చేతిరాతలోనే ఉంటాయి. సలహా అడగడానికి వెళ్లిన మనిషి, తనకు తాను ఇచ్చుకోదగ్గ సలహాతో తిరిగొస్తాడు. పెట్టిన ఫీజుకు గిట్టుబాటు అదే.