నడుచువాని మెదడును కొలుచుట: ఒక విమర్శ

కదలక కూర్చున్న మనిషి మెదడులో పుట్టు విద్యుత్తరంగములను కొలుచుట పాత విద్యయే. జర్మనీలోని యేనా పట్టణమున హాన్స్ బెర్గర్ 1924లో మానవుని తలనుండి ఈ తరంగములను నమోదుచేసి, 1929లో ప్రకటించెను. నెత్తి చర్మముపై అంటించిన చిన్న లోహపు బిళ్ళలకు, అనగా ఎలక్ట్రోడులకు, అందు వోల్టేజి సాధారణముగా 10 మొదలు 100 మైక్రోవోల్టుల వరకు ఉండును. టార్చిలైటు సెల్లు 1.5 వోల్టులు ఇచ్చునని విద్యార్థులకు తెలియును. అందులో లక్షవ వంతు 15 మైక్రోవోల్టులు. రెప్ప వేసినను, పండ్లు కొరికినను ఈ గీత చెదరిపోవును. అట్టి కొలతను నడుచువాని తలపై, పరుగెత్తువాని తలపై తీయవచ్చునా?

తీయవచ్చునని 2010లో అమెరికాలో గ్విన్, గ్రామన్, మకీగ్, ఫెరిస్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. తలపై 248 ఎలక్ట్రోడులుంచి, కదలు పట్టాపై మనుష్యులను నడిపించి, పరుగెత్తించి, ఎదుట తెరపై అరుదుగా కనబడు ఒక గుర్తును కనిపెట్టుమనిరి. అట్టి గుర్తు కనబడినపుడు మెదడులో పుట్టు ప్రత్యేక తరంగము, నడకలో కూడ, నిలుచున్నప్పటివలెనే కానవచ్చెను. పరుగులో మాత్రము అది చెడిపోయెను. అడుగుల తాళముతో వచ్చు కదలికను లెక్కకట్టి తీసివేసిన తరువాతనే బయటపడెను. ఇది మెచ్చదగిన పని. గుర్తు కనబడు సమయమునకు, అడుగు పడు సమయమునకు సంబంధము లేదు. కావున వందలకొలది నమోదుల సగటు తీసినపుడు అడుగుల అలజడి చాలవరకు తనంతట తానే తగ్గిపోవును.

తరంగమును అడుగుతోనే ముడివేసి చెప్పునపుడు ఈ రక్షణ ఉండదు. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

2011లో మేరీలాండ్ విశ్వవిద్యాలయమువారు ఆరుగురు ఆరోగ్యవంతులను నడిపించి, సెకనుకు 2 ఆవర్తనములకు లోబడిన మందతరంగములనుండి తుంటి, మోకాలు, చీలమండల కదలికలను లెక్కగట్టగలిగితిమని ప్రకటించిరి. ఈ దారిలో పోయినచో, పక్షవాతముతో కాళ్ళు పడిపోయినవాడు తన తలపుతోనే యంత్రపు కాళ్ళను నడుపవచ్చునన్న ఆశ పుట్టినది. అందువలననే ఇచట పొరపాటు పడుట చిన్న విషయము కాదు.

ఒక లెక్క చూడుడు. మామూలు నడకలో సెకనుకు ఇంచుమించు రెండడుగులు పడును. ప్రతి అడుగునకు తల ఒకసారి పైకి లేచి దిగును. రెండడుగులకొకసారి కుడియెడమలకు ఊగును. అనగా తల కదలిక సెకనుకు 2 సారులు, 1 సారి. పరిశోధకులు ఎంచుకొన్న మందతరంగములు కూడ సరిగా ఈ హద్దులోనే ఉన్నవి! లోహము ఉప్పుజిగురును తాకినచోట ఒక చిన్న ఘటము ఏర్పడును. తల ఊగినపుడు బిళ్ళ కొంచెము జరిగినను ఆ ఘటపు వోల్టేజి మారును. తీగ ఊగినను మారును. మోకాలికి, తలకు తాళము ఒక్కటే గనుక, మెదడు ఏమియు చెప్పకున్నను లెక్క కుదరవచ్చును. ఆ తరంగములలో మెదడుపాలు లేదని నేననను. ఉన్నదని ఆ లెక్కవలన రుజువు కాలేదనుచున్నాను.

అలజడి మూల తాళముతో ఆగిపోదు. వీణతీగను మీటినపుడు మూలస్వరముతోపాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్లుగల అనుస్వరములు పలుకునట్లు, అడుగు తాకిడిలో 2తోపాటు 4, 6, 8, 10 కూడ పుట్టును. మెదడు ఆల్ఫా తరంగముల స్థానము 8 మొదలు 13. అచటను అడుగుల చప్పుడు చొరబడును. 2014లో కాస్టెర్మన్స్, అతని తోటివారు తలకు త్వరణమాపకము కట్టి, దాని గీతలోని అనుస్వరములకును, ఎలక్ట్రోడుల గీతలోనివానికిని పోలిక చూపి ఈ సందేహమునే వెలిబుచ్చిరి.

సందేహమును ప్రయోగముగా మార్చినవారు క్లైన్, హువాంగ్, స్నైడర్, ఫెరిస్. వీరు 2015లో ఈతగాండ్రు పెట్టుకొను సిలికోను టోపీని తలకు తొడిగి, మెదడు విద్యుత్తు బయటికి రాకుండ చేసిరి. దానిపై విద్యుద్వాహకమగు జిగురు పూసిన కృత్రిమ కేశముల టోపీనుంచి, దానికి ఎలక్ట్రోడులు అంటించి మనిషిని నడిపించిరి. ఇపుడు గీతలో కనబడునదంతయు కేవలము కదలిక. ఆ అలజడి మనిషిని బట్టి, ఎలక్ట్రోడు స్థానమును బట్టి, వేగమును బట్టి మారుచుండెను. ప్రయత్నించిన గణిత పద్ధతులలో ఏదియు దానిని పూర్తిగా తుడిచివేయలేదు. ఇంత చవుకైన టోపీ, అంత ఖరీదైన పరికరముల మాటను పరీక్షింపగలుగుట చూడ ముచ్చటగా నున్నది. 2010 నాటి పత్రములో పాల్గొన్న ఫెరిస్ తన మార్గమునే ఇట్లు నిలదీసికొనుట ఇంకను ముచ్చట.

తరువాత 2018లో ఆ వర్గమువారే జంట ఎలక్ట్రోడులు ప్రకటించిరి. క్రిందిది చర్మమును తాకును. దానికే బిగించిన పైది చర్మమును తాకక కదలికను మాత్రమే పట్టును. రెంటిని పోల్చి కదలిక పాలును తొలగింతురు. 2020లో ప్రకటించిన ఫలితము ప్రకారము, నడక వేగము పెరిగినకొలది కదలికలను శాసించు మెదడు భాగమున ఆల్ఫా, బీటా తరంగముల బలము తగ్గును. ఇది నాకు నమ్మదగినదిగా తోచుచున్నది. ఏలయన, వేగముతో తల అలజడి పెరుగును గాని తగ్గదు. అలజడియే మెదడు వేషము వేసికొన్నచో గీత పైకి పోవలసినది. ఇచట క్రిందికి దిగినది.

మెడకండరముల విద్యుత్తు మాత్రము వేరు సంగతి. అది కదలిక కాదు, నిజమైన విద్యుత్తే. చర్మమును తాకని పై ఎలక్ట్రోడు దానిని పట్టలేదు. అందుకే మెడపై వేరుగా ఎలక్ట్రోడులుంచి కొలిచి, దాని పాలును కూడ విడదీయ చూచుచున్నారు. కండరపు విద్యుత్తు సెకనుకు 20 ఆవర్తనములకు పైన మిక్కిలి బలముగా నుండును. పరుగులో మెడ తలను నిలిపి ఉంచుటకు ఎడతెగక పనిచేయును. కావున పరుగెత్తువాని మెదడులోని శీఘ్రతరంగములను గూర్చిన నిర్ణయములను, మెడ లెక్కను ప్రక్కన పెట్టి చూపనిదే, నేనంగీకరింపజాలను.