మూతి చుట్టూ గీతలు: ప్రకటనల మాట, శాస్త్రం మాట

పల్నాటి సీమలో పిడుగురాళ్ల పేరు చెప్పగానే ఎవరికైనా స్ఫురించేది సున్నం. సున్నపురాయిని బట్టీలలో సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి కాల్చి, దానిలోని బొగ్గుపులుసు వాయువును వెళ్లగొట్టి, అక్కడ సున్నం తయారుచేస్తారు. ఊరి చుట్టుపట్ల పత్తి చేలు, మిరప చేలు, మిరపకాయలు ఎండబోసే కల్లాలు. చేరువలోనే ఉన్న రెంటచింతల వేసవి ఎండలకు రాష్ట్రమంతటా పేరుపడినది. ఇటువంటి తావున ఎండలోను, దుమ్ములోను పాటుపడే మనిషికి నలభై యేళ్లు దాటగానే మూతి చుట్టూ గీతలు పడటంలో ఆశ్చర్యం లేదు. ఆ గీతలను ఒక జబ్బుగా చూపి, దానికి మందు తమ వద్దనే ఉన్నదని వ్యాపారులు చెప్పటమే ఆశ్చర్యం.

"వారంలో ముడతలు మాయం", "పదేళ్ల వయస్సు వెనక్కు" అనే ధోరణి ప్రకటనలు ఒకప్పుడు పెద్ద పట్టణాలలోనే కనిపించేవి. ఇప్పుడవి సెల్‌ఫోను ద్వారా పల్లె పల్లెకూ వస్తున్నవి. హైస్కూలు విద్యార్థులు సైతం వాటిని చదువుతున్నారు. కావ్యాన్ని విమర్శించేవారు మొదట పదాన్ని, తరువాత అర్థాన్ని, చివరకు ఔచిత్యాన్ని పరీక్షిస్తారు. ఈ ప్రకటనలను కూడా ఆ క్రమంలోనే పరీక్షించవచ్చు.

ఒకే పదం, మూడు వస్తువులు

ప్రకటనలలోని మొదటి దోషం పదదోషం. ముఖం మీది ప్రతి మార్పునూ అవి "ముడత" అనే ఒక్క మాటతో సరిపెడతాయి. తెలుగులో గీత, ముడత, మడత అని మూడు మాటలున్నవి. వాడుకలో ఇవి ఒకదానితో ఒకటి కలిసిపోయినా, శాస్త్రవివేచనకు వేరుచేసి చూడటం మేలు. పై పెదవి మీద నిలువుగా కనిపించే సన్నని చారలను గీతలు అనవచ్చు. ఇవి చర్మానికి సంబంధించినవి. నవ్వినప్పుడు, మూతి బిగించినప్పుడు ఏర్పడేవి ముడతలు. వీటికి కారణం కండరాల కదలిక. ముక్కు ప్రక్క నుంచి నోటి మూలకూ, నోటి మూల నుంచి గడ్డానికీ దిగే లోతైన చాళ్లు మడతలు. చర్మం క్రింది కొవ్వు, ఎముక, పళ్లు స్థానం తప్పటం వల్ల ఇవి తేలుతాయి. ఒకే ముఖం మీద మూడూ ఉండవచ్చు. కాని కారణాలు వేరైనప్పుడు చికిత్స ఒకటే ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు ప్రకటనలలో సమాధానం దొరకదు.

గీతల సంగతి

చర్మంలో పైది బాహ్యచర్మం, దాని క్రిందిది అంతశ్చర్మం. అంతశ్చర్మానికి బలాన్నిచ్చేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. సాగిన చర్మాన్ని తిరిగి యథాస్థితికి తెచ్చేది ఎలాస్టిన్. కొల్లాజెన్ అణువులో మూడు గొలుసులు మూడు పురుల త్రాడు వలె పెనవేసుకొని ఉంటాయని 1954లో ప్రతిపాదించినవారు మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. ఆ పరిశోధనకు నమూనాలు మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ నుంచి లభించినవి. గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958లో డైరెక్టరు అయినది ఆ సంస్థకే. చెప్పుల తోలుకు గట్టితనాన్నిచ్చేదీ, ముఖ చర్మానికి బిగువునిచ్చేదీ ఒకే పదార్థమన్నమాట.

వయస్సుతోబాటు కొల్లాజెన్ తగ్గటం సహజం. ఆ పనిని త్వరపెట్టేది ఎండలోని అతినీలలోహిత కిరణాలు. వాటిలో దీర్ఘతరంగ కిరణాలు కిటికీ అద్దం గుండా కూడా వస్తాయి. 28 సంవత్సరాలు లారీ నడిపిన 69 యేళ్ల మనిషి ఛాయాచిత్రాన్ని 2012లో ఒక అమెరికా వైద్యపత్రిక ప్రచురించింది. కిటికీ వైపున్న ఎడమ చెంప లోతుగా ముడుతలు పడి, కుడి చెంప చాలా వరకు నునుపుగా ఉన్నది. మన దేశంలో డ్రైవరు కూర్చొనేది కుడివైపు కనుక, ఇక్కడ ఎక్కువ ఎండ తగిలేది కుడి చెంపకు. ఈ సూత్రాన్ని తరగతిలోనే చూపవచ్చు. పెద్ద వయస్సు వారి మోచేతి పై భాగంలో లోపలివైపు చర్మాన్నీ, ముంజేతి వెలుపలి చర్మాన్నీ పోల్చి చూస్తే చాలు. రెండింటి వయస్సు ఒకటే. తగిలిన ఎండ మాత్రం వేరు.

ఇక క్రీములు. "కొల్లాజెన్ కలిసినది" అని డబ్బా మీద వ్రాయటం పరిపాటి. కొల్లాజెన్ అణుభారం సుమారు 3 లక్షల డాల్టనులు. ఆరోగ్యంగా ఉన్న బాహ్యచర్మం గుండా చొచ్చుకుపోయే పదార్థాల అణుభారం సాధారణంగా 500 డాల్టనులకు మించదు. కనుక పూసిన కొల్లాజెన్ పైనే ఉండి, చర్మానికి తేమ నిలిపి, కొన్ని గంటలు నునుపుగా కనిపించేట్లు చేస్తుంది. లోపలి కొల్లాజెన్‌తో చేరదు. త్రాగే కొల్లాజెన్ పొడులపై జరిగిన 23 ప్రయోగాలను 2025లో సమీక్షించగా, ఔషధ కంపెనీల ధనసహాయం లేని ప్రయోగాలలో చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు.

అన్ని లేపనాలూ వట్టివని దీని అర్థం కాదు. విటమిన్ ఎ నుంచి వచ్చిన ట్రెటినాయిన్ ఎండకు పాడైన చర్మంలోని సన్నని గీతలను కొంత తగ్గిస్తుందని 1986లో ఆల్బర్ట్ క్లిగ్మన్ బృందం చూపింది. తరువాతి పరీక్షలు దానిని బలపరిచినవి. కాని ఫలితానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. మొదట చర్మం మండుతుంది, పొట్టు లేస్తుంది. గర్భిణులు వాడరాదు. ఇది వైద్యుని చీటీతో తీసుకోవలసిన మందు. ఆమ్లాలతో పై పొరను ఒలిచే చికిత్స, లేజరు చికిత్స కూడా గీతలకు ఉన్నవే. అయితే చామనఛాయ, నలుపు చర్మాలలో ఆ గాయం మానిన చోట నల్లని మచ్చలు నిలిచే అవకాశం ఎక్కువ. తెల్లని ముఖాల బొమ్మలతో అచ్చువేసే ప్రకటనలు తెలుగు పాఠకునికి ముఖ్యంగా చెప్పవలసిన ఈ మాటనే వదిలివేస్తున్నవి.

ముడతల సంగతి

కదలిక వల్ల వచ్చే ముడతలకు వాడేది బొటులినం విషం. పాడైన ఆహారంలో పెరిగే ఒక సూక్ష్మజీవి దీనిని పుట్టిస్తుంది. నాడి చివర నుంచి కండరానికి ఆజ్ఞ మోసుకుపోయే ఎసిటైల్‌కోలిన్ వెలువడకుండా ఇది ఆపుతుంది, కండరం సడలుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆలన్ స్కాట్ దీనిని మెల్లకంటికి మందుగా మలచగా, 1989లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. కెనడాకు చెందిన కరూథర్స్ దంపతులు కనుబొమల మధ్య ముడతలకు ఇది పనిచేస్తుందని 1992లో ప్రచురించారు. దానికి 2002లో అనుమతి లభించింది. మూతి చుట్టూ వాడకం ఆ అనుమతిలో లేదు. అక్కడ వైద్యుడు తన విచక్షణ మీద వాడవలసినదే.

నుదుటికీ మూతికీ భేదమేమిటి? నుదుటి కండరం సడలితే ముఖ్యమైన పని ఏదీ ఆగదు. పెదవుల చుట్టూ ఉంగరం వలె ఉన్న కండరం అటువంటిది కాదు. మంచినీళ్లు కారిపోకుండా త్రాగటానికీ, ఈల వేయటానికీ, వ్యాకరణంలో ఓష్ఠ్యాలని చెప్పే ప, ఫ, బ, భ, మ పలకటానికీ అదే ఆధారం. మోతాదు ఏ కొంచెం ఎక్కువైనా నోరు వంకర పోవచ్చు, మాట తడబడవచ్చు. ఫలితం నిలిచేది మూడు నాలుగు నెలలు మాత్రమే. "శాశ్వతం" అనే మాట ఇక్కడ అసత్యం.

మడతల సంగతి

లోతైన చాళ్లను పూడ్చటానికి చర్మం క్రింద జిగురువంటి పదార్థాన్ని సూదితో ఎక్కిస్తారు. ఎక్కువగా వాడేది హయాలురోనిక్ ఆమ్లం. 1934లో న్యూయార్కులో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీనిని ఆవు కంటిలోని ద్రవం నుంచి వేరుచేశారు. ముక్కు ప్రక్క మడతల కొరకు 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు నిలిచి, శరీరంలో క్రమంగా కరిగిపోతుంది.

ప్రమాదం అరుదు, వస్తే తీవ్రం. ముఖానికి రక్తం తెచ్చే ధమని ఆ మడత ప్రక్కగానే పోతుంది. ఆ పదార్థం పొరబాటున ధమనిలో పడితే చర్మం చచ్చి నల్లబడవచ్చు. కంటికి పోయే నాళం మూసుకుంటే చూపే పోవచ్చు. దానిని కరిగించే హయాలురోనిడేజ్ అనే ఎంజైము చేతిలో సిద్ధంగా లేని చోట ఈ పనికి పూనుకోరాదు. సూది లేకుండా ఒత్తిడితో ఎక్కించే "పెన్ను"లను ఇంటి వద్ద వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2021లో హెచ్చరించింది.

మడతలకు మరొక కారణం పళ్లు పోవటం. పన్ను ఊడిన చోట దవడ ఎముక క్రమంగా అరిగిపోతుంది. ముఖం క్రింది భాగం ఎత్తు తగ్గి, పెదవులు లోపలికి పోయి, నోటి మూలలు వ్రేలాడుతాయి. ఆ మూలల్లో లాలాజలం నిలిచి పుండ్లు కూడా పడతాయి. ఇటువంటివారికి చక్కగా అమరిన కట్టుడు పళ్లు నమలటానికీ పనికివస్తాయి, మడతలనూ కొంత సవరిస్తాయి. సౌందర్య చికిత్సల పట్టికలో దంతవైద్యుని పేరు కనిపించకపోవటం అర్థదోషాలన్నింటిలో పెద్దది.

ఔచిత్యం

ప్రకటనలు చెప్పినదానికన్నా చెప్పనిదే ఎక్కువ హాని చేస్తున్నది. ముఖం నిగనిగలాడాలని వైద్యుని అడగకుండా స్టెరాయిడు క్రీములు నెలల తరబడి పూసుకునే అలవాటు దేశమంతటా ఉన్నది. అవి మొదట తెలుపు చూపి, తరువాత కొల్లాజెన్‌ను తగ్గించి చర్మాన్ని పలుచన చేసి, ఎర్రని నాళాలు బయటపడేట్లు చేస్తాయి. 2018లో కేంద్రప్రభుత్వం 14 స్టెరాయిడు క్రీములను చీటీ లేకుండా అమ్మరాదన్నది అందుకే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చునన్నది. చట్టం ఉన్నా, ఫిర్యాదు చేయటానికి చదివేవాడు దోషాన్ని గుర్తించగలగాలి.

పొగాకు విషయంలో మౌనం మరింత విచారకరం. పొగ త్రాగేవారి చర్మంలో కొల్లాజెన్‌ను త్రుంచే ఎంజైము పెరుగుతుందని 2001లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. పెదవి మీది గీతలకు మూతి బిగించి పొగ పీల్చటం కూడా తోడవుతుంది. వక్కది దీనికి విరుద్ధమైన కీడు. వక్కలోని పదార్థాలు నోటి లోపల కొల్లాజెన్‌ను అవసరానికి మించి పోగుచేస్తాయి. ఆకువక్కలోని సున్నం ఆ రాపిడిని పెంచుతుంది. బుగ్గల లోపలి పొర గట్టిపడి, కొందరికి రెండు వ్రేళ్లు పట్టేంత కూడా నోరు తెరుచుకోదు. కొందరిలో అది క్యాన్సరుకు దారితీస్తుంది. వక్క క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రచురించింది. వక్కపొడి, గుట్కా నమిలే కుర్రవాని ముఖం బయటికి నునుపుగానే కనిపించవచ్చు. వెలుపలి గీతకు ఇంత ప్రచారం జరుగుతుండగా, లోపల మూసుకుపోతున్న నోటిని గురించి ఎవరు చెప్పాలి?

గీతలను తగ్గించుకోవాలని కోరటం తప్పు కాదు. కోరినవారిని ఎగతాళి చేయటం విజ్ఞానమూ కాదు. అయితే మొదటి మందు ఏది? ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణంలో 903 మంది మీద నాలుగున్నర యేళ్లు జరిగిన పరీక్ష ఫలితం 2013లో వెలువడింది. ప్రతిదినం ఎండ నిరోధక లేపనం పూసుకున్నవారిలో, ఇష్టం వచ్చినప్పుడు పూసుకున్నవారికన్నా, చర్మపు ముదుసలితనం 24 శాతం తక్కువగా కనిపించింది. పత్తి తీతకూ, మిరప కోతకూ పోయే పల్నాటి స్త్రీలు చీర మీద పొడుగు చేతుల చొక్కా తొడిగి, తలకూ మూతికీ గుడ్డ చుట్టుకుంటారు. ఆ గుడ్డ చేసే పని కూడా అదే. అది మిరప ఘాటునూ, దుమ్మునూ కూడా ఆపుతుంది. బట్టీల వద్ద సున్నపు దుమ్ముకు కూడా గుడ్డ, కళ్లద్దాలు, చేతి తొడుగులు అవసరం. తడి తగిలిన పొడిసున్నం చర్మాన్ని కాల్చుతుంది.

ఉపాధ్యాయులు ఇటువంటి ప్రకటన ఒకదానిని తరగతికి తెచ్చి, నల్లబల్ల మీద నాలుగు ప్రశ్నలు వ్రాయించవచ్చు. ఇది గీతకా, ముడతకా, మడతకా? ఏ ధాతువు మీద, ఏ విధంగా పనిచేస్తుంది? ఎంతకాలం నిలుస్తుంది? వికటిస్తే విరుగుడు ఏమిటి, దానిని ఇచ్చే వైద్యుని అర్హత ఏమిటి? విద్యార్థులు ప్రకటనలో దొరికిన సమాధానాలను ఒక్కొక్కటిగా ఎదురుగా వ్రాయాలి. ఖాళీగా మిగిలిన గడులను చూసి, ఆ వస్తువుకు ఎంత ధర పెట్టవచ్చునో వారే నిర్ణయించుకుంటారు.