సీరీస్ బల్బు వెలుగులో

పాతకాలపు రేడియో మెకానిక్కులు కొత్తగా చేతికొచ్చిన ఏ పెట్టెనూ నేరుగా కరెంటుకు పెట్టరు. బల్ల మీద చెక్కకు బిగించిన హోల్డరు, అందులో 100 వాట్ల ఫిలమెంటు బల్బు, పక్కనే ఒక సాకెట్టు ఉంటాయి. పెట్టెకు పోయే కరెంటు ఆ బల్బును దాటుకునే పోవాలి. లోపల షార్టుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మరు మాత్రం కాలకుండా బతుకుతుంది. అంతా బాగుంటే ఒక్కసారి మెరిసి, కండెన్సర్లు నిండగానే మసకబారుతుంది. ఈ పని ఎల్ఈడీ బల్బు చెయ్యలేదు. వేడెక్కిన కొద్దీ కరెంటుకు అడ్డు పెంచే గుణం ఫిలమెంటుదే. అందుకే ఎర్రుపాలెంలో నా బల్ల కింద పాత బల్బులు నాలుగు కాగితంలో చుట్టి దాచుకున్నాను.

కిందటి వేసవిలో విజయవాడ నుంచి పాసింజరు బండిలో దుప్పటి చుట్టుకుని, కరెంటు అలలను తెర మీద గీతగా చూపించే ఒక సీఆర్‌వో వచ్చింది. ఏదో కాలేజీ ల్యాబులో పనికిరాదని తూకానికి అమ్మేసిన సరుకు. తెచ్చినవాడు పాలిటెక్నిక్ చదివే మా ఊరి కుర్రాడు.

“పెట్టి చూద్దామా మాస్టారూ?”

“ముందు ఫ్యూజు తియ్యరా.”

గాజు ఫ్యూజు లోపల నల్లగా మసి కట్టి ఉంది. తీగ మెల్లగా జారి తెగితే కొంచెం ఎక్కువ కరెంటు లాగిందని అర్థం. ఇలా మసి పట్టిందంటే లోపల గట్టి షార్టే. కొత్త ఫ్యూజు అదే ఆంపియర్లది వెయ్యాలి. దాని బదులు రాగి తీగ చుట్టే అలవాటు మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళను కాల్చిందో! వెనకవైపు వోల్టేజి మార్చే మీట 110 మీద ఉందా, 230 మీద ఉందా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి.

సీరీసులో పెడితే బల్బు నిండుగా వెలిగింది. ప్లగ్గు పీకేశాం. ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే సెకండరీ తీగలకు ఒక్కో జతకూ చీటీ అంటించి, ఫొటో తీసి, విప్పాం. ఒక్కో జత కలుపుతూ మళ్ళీ చూశాం. రెండు జతలకు బల్బు మసకగానే ఉంది, మూడోది కలపగానే భగ్గుమంది. దాని బ్రిడ్జిలో ఒక డయోడు మీటరుకు రెండు వైపులా సున్నా చూపించింది. పది రూపాయల లోపు సరుకు. దాని కోసం అంత పెద్ద యంత్రం తూకానికి పోయింది.

డయోడు మార్చాక 180 వోల్టుల సప్లై ఒక్కదాన్నే, లోడు కనెక్టరు తీసి పరీక్షించాం. ప్లగ్గు పీకి పది నిమిషాలు గడిచాయి. కుర్రాడు చెయ్యి చాచబోయాడు. నేను మీటరు పెట్టాను. 140 వోల్టులు! కరెంటు ఆగాక కండెన్సరును ఖాళీ చెయ్యాల్సిన బ్లీడరు రెసిస్టరు తెగిపోయి ఉంది. పైకి చూస్తే చెక్కు చెదరలేదు.

ఈ ప్రమాదం ఎంతటిదో లెక్క వేసి చూపించాలి, లేకపోతే పిల్లలకు నమ్మకం కుదరదు. మన 230 వోల్టుల కరెంటును నేరుగా డయోడ్లతో డీసీగా మారిస్తే కండెన్సరులో 325 వోల్టుల దాకా నిలుస్తుంది. 220 మైక్రోఫారడ్ల కండెన్సరయితే 11.6 జౌళ్ళ శక్తి. కిలో బియ్యం సంచి ఛాతీ ఎత్తు నుంచి నేల మీద పడితే ఎంతో అంత. అదంతా రెప్పపాటులో చేతుల మీదుగా, గుండె పక్క నుంచి పోతుంది. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పని చెయ్యమని పెద్దవాళ్ళు చెప్పింది అందుకే.

స్క్రూడ్రైవరుతో షార్టు చేసి నిప్పురవ్వ తెప్పించడం కొందరికి గొప్ప. దాంతో కండెన్సరూ పాడవుతుంది, కళ్ళలోకి లోహపు తునకా ఎగురుతుంది. 10 కిలో ఓములు, 10 వాట్ల రెసిస్టరుకు రబ్బరు తొడుగున్న క్లిప్పులు కట్టుకుంటే చాలు. పైన చెప్పిన 325 వోల్టులు సుమారు 11 సెకన్లలో 2 వోల్టులకు దిగిపోతాయి. మా కుర్రాడు 140 నుంచి గట్టిగా చదువుతూ సున్నా దగ్గరికి తెచ్చాడు. “క్లిప్పు తీసి ఒక నిమిషం ఆగు” అన్నాను. మీటరు మళ్ళీ 4 చూపించింది. కండెన్సరు లోపలి పొరల్లో చిక్కుకున్న ఛార్జి అలా నెమ్మదిగా పైకి తేలుతుంది. అందుకే రెండుసార్లు ఖాళీ చెయ్యాలి, రెండుసార్లు కొలవాలి.

సీఆర్‌వో తెర గొట్టానికి పోయే సప్లై సంగతి వేరు. చిన్న వాటిలోనే అది 1,500, 2,000 వోల్టులుంటుంది. మామూలు మీటరు హద్దు 1,000. దాన్ని అక్కడ ఆనించడమంటే ప్రాణం పణంగా పెట్టడమే. దానికి వేరే ప్రోబు కావాలి. అది లేనివాడు అక్కడ ముట్టకూడదు.

ఇంకో పొరపాటు చదువుకున్నవాళ్ళే చేస్తారు. సీఆర్‌వో ప్రోబుకున్న నల్ల క్లిప్పు ఎర్తుకు కలిసి ఉంటుంది. దాన్ని నేరుగా మెయిన్సు మీదున్న సర్క్యూటుకు తగిలిస్తే పెద్ద షార్టు. తప్పించుకుందామని సీఆర్‌వో ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేస్తారు, అప్పుడు రేకు పెట్టె మొత్తం కరెంటు మీద ఉంటుంది. పరీక్షించే వస్తువును ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు మీద పెట్టడమే సరైన దారి. అయితే ఆ ట్రాన్స్‌ఫార్మరు దాటాక మెయిన్ బోర్డులో, కరెంటు ఎర్తుకు కారితే ఆపేసే ఈఎల్‌సీబీ మనల్ని కాపాడదని గుర్తుంచుకోవాలి.

ఈ యంత్రాలను విప్పాలనే కట్టారు. అమెరికాలో 1946లో మొదలైన టెక్ట్రానిక్స్ వాళ్ళ వాల్వు సీఆర్‌వోల్లో భాగాలు పింగాణీ పట్టీల మీద అతికి ఉంటాయి. మామూలు టంకం పట్టీల మీది వెండిని కరిగించేస్తుందని, వెండి కలిసిన టంకం తీగను చిన్న ఉండగా చుట్టి పెట్టె లోపలే ఉంచి అమ్మేవారు, ఎప్పుడో రిపేరు చెయ్యబోయే మనిషి కోసం. వాటిలో మైనస్ 150 వోల్టుల సప్లై ఆధారం, మిగతావన్నీ దాన్ని చూసి నిలబడతాయి. అది తప్పితే అన్నీ తప్పినట్టే కనిపిస్తాయి. కనుక మొదట కొలవాల్సింది దాన్నే. మన దగ్గర మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు అణుశక్తి సంస్థకు కావాల్సిన ఎలక్ట్రానిక్స్ ఇక్కడే తయారు కావాలని పట్టుబట్టారు, 1967లో హైదరాబాదులో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వెలిసింది. సొంతంగా కట్టగలిగినవాడికే లోపలి సంగతి పూర్తిగా తెలుస్తుంది. రిపేరు బల్ల దగ్గర నేర్చేదీ అదే చదువు.

మా సీఆర్‌వోకు ఇంకో జబ్బు మిగిలింది. తెర మీద గీత సన్నగా నిలవకుండా అలలాడుతోంది. సెకనుకు 100 సార్లు వణికే అల అంటే ఫిల్టర్ కండెన్సరు ఎండిపోయిందని లెక్క. కండెన్సరు చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుంది. మన ఎండల్లో మూసిన గదిలో ఏళ్ళ తరబడి నలిగిన పెట్టె అది. అదే మైక్రోఫారడ్లకు, 105 డిగ్రీలు తట్టుకునేది తెప్పించి, ప్లస్సూ మైనస్సూ రెండుసార్లు సరిచూసి అతికాం. బ్లీడరు రెసిస్టరూ మార్చాం.

సీరీసులో పెడితే బల్బు మెరిసి మసకబారింది. కాసేపటికి ఆకుపచ్చ గీత, దారం లాగినట్టు, సన్నగా వచ్చింది. కుర్రాడు ప్రోబును ముందువైపు, పరీక్ష కోసం ఉంచిన కొక్కేనికి తగిలిస్తే నలుచదరపు అలలు బారులు తీరాయి.

మూత బిగించే ముందు లోపలి రేకు మీద తేదీ, ఫ్యూజు కాక మార్చిన మూడు భాగాల వివరం పెన్సిలుతో వాడి చేతే రాయించాను. దాని పైన అప్పటికే రెండు చేతిరాతలు ఉన్నాయి.