స్కేలుతో నా తగువు

డాలస్‌లో ఉన్న మా అక్క కూతురు లాంగ్‌ఆర్మ్ కుట్టుమిషన్ కొన్నది. ఆదివారం వీడియోలో మిషన్ చూపిస్తుందనుకుంటే ముందు స్కేళ్లు చూపించింది. నిలువువి, వంపువి, గుండ్రటివి, అన్నీ మందపాటి అక్రిలిక్‌వి, బల్ల నిండా పరిచింది. "చిన్నమ్మా, ఇవి లేకుంటే గీత సక్కగ రాదు" అన్నది. నాకు ఒళ్లు మండింది. చేతిపని తెలిసినవాళ్లకు చెయ్యే కొలత అని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. ముగ్గు మీద రాసినప్పుడూ అదే అన్నాను, జొన్నరొట్టె మీద రాసినప్పుడూ అదే.

అయినా సంగతేమిటో అడిగాను. మన ఇళ్లలోని మిషన్ మీద సూది ఉన్నచోటే ఉంటుంది, బట్టను మనం నడుపుతాం. లాంగ్‌ఆర్మ్ మీద తిరగేసి. పైబట్ట, నడుమ దూది పొర, అడుగుబట్ట రోలర్లకు బిగించి ఉంటాయి. మిషనే పట్టాల మీద నాలుగు దిక్కులా తిరుగుతుంది. స్కేలును ఎడమచేత్తో బట్ట మీద అదిమిపట్టి, దాని అంచుకు మిషన్ పాదాన్ని ఆనించి, కుడిచేత్తో పిడి పట్టి నడపాలి. సూదికీ పాదం అంచుకీ మధ్య పావు అంగుళం ఉంటుంది కాబట్టి కుట్టు స్కేలుకు పావు అంగుళం ఇవతల పడుతుంది. స్కేలు మందమూ పావు అంగుళమే. బడిపిల్లల పల్చటి స్కేలు పెడితే అది పాదం కిందికి దూరుతుంది, సూది విరుగుతుంది.

"మా బాపమ్మ ఏ స్కేలు పట్టిందే?" అన్నాను.

బాపమ్మ బొంత మొదలుపెట్టిందంటే ఆ వారం మా వాకిట్లో ఇంకో పని సాగేది కాదు. ఎండలు ముదిరాక, పొలం పనులు లేని రోజుల్లో పెట్టుకునేది. అడుగున తాత పాత ధోతులు, నడుమ చిరుగుల చీరలు, పైన కాస్త పరువున్న చీర. నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ముడత లేకుండా గుంజి, బారెడు బారెడు కచ్చా కుట్లు వేసేది. అప్పుడు పక్కింటి ఆడవాళ్లు వచ్చి తలా ఒక పక్కన కూర్చునేవాళ్లు. అంచు నుంచి లోపలికి, వరసకూ వరసకూ రెండు వేళ్ల సందు. సూది మీదికి నాలుగైదు కుట్లు ఎక్కించాకే దారం లాగేవాళ్లు. ముడత తగిలితే బొటనవేలి గోరుతో ముందుకు తోసేవాళ్లు. మాటలు మాత్రం ఆగేవి కావు. ఎవరి కోడలు ఎవరితో ఏమన్నదో ఆ బొంతలోకే పోయేది. సన్నకుట్టు ఎవరిదో, తొందరకుట్టు ఎవరిదో బాపమ్మ దూరం నుంచే చెప్పేది. ఒకామె కుట్టిన వరసలు ఆమె వెళ్లిపోయాక చప్పుడు చేయకుండా విప్పి మళ్లీ కుట్టడం నేను చూశాను. ఆమె పేరు ఇప్పటికీ చెప్పను, మనుమరాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు.

మాట నెగ్గించుకుందామని ఆ బొంతల్లో మిగిలిన ఒక్కదాన్ని పెట్టెలోంచి తీసి, ఫొటో పంపేముందు వెలుతురులో పరిచి చూశాను. పైన ఉన్నది గళ్ళ చీర. కుట్టు వరసలన్నీ గళ్ళ గీతల మీదే నడిచాయి. ఒకచోట చిరుగు మీద జానెడు సాదా గుడ్డ అతికించి ఉంది. ఆ గుడ్డ మీదికి ఎక్కగానే వరస వంకర తిరిగింది. గుడ్డ దాటి మళ్లీ గడి దొరికాక బుద్ధిగా గీత పట్టింది.

పైకి గళ్ళ చీరే కావాలని బాపమ్మ ఎందుకు పట్టుబట్టేదో అప్పుడు తెలిసింది. నేతగాడు పోగులు లెక్కపెట్టి వేసిన గళ్ళవి. అంతకన్నా నికార్సయిన స్కేలు ఎవరమ్ముతారు?

ఇక మా మెదక్ చర్చి ప్రస్తావన రాకుండా వారం గడవదని నన్ను ఎగతాళి చేసేవాళ్లు ఈ ఒక్కసారికి ఓర్చుకోవాలి. కరువు రోజుల్లో జనానికి పని చూపి కూడు పెట్టాలని మిషనరీ పోస్నెట్ దొర 1914లో మొదలుపెట్టించిన కట్టడం 1924 డిసెంబరు 25న తెరుచుకుంది. ఆ నేల మీది రంగుల పలకలు ఇంగ్లండు నుంచి వచ్చాయి, పరిచింది ఇటలీ పనివాళ్లు. దారం కట్టకుండా, మూలమట్టం పెట్టకుండా ఏ మేస్త్రీ అయినా పలక పరుస్తాడా? అలాగని దాన్ని చేతిపని కాదని ఎవరంటారు? ఏళ్ల తరబడి ఆ నేల మీద నడుస్తూనే నేను స్కేళ్లను తిట్టాను.

నిజానికి కొత్తగా నేర్చేవాళ్లకు తీగలూ మెలికలే తేలిక. మైకు పెట్టుకొని ఆటోలో వచ్చే బొంతల కుర్రాడు తిప్పే తీగ ఎటు పోయినా అదే తీగ. తిన్నటి గీత అలా కాదు, వెంట్రుకవాసి పక్కకు పోతే చంటిపిల్లాడూ పట్టేస్తాడు. మా పిల్ల స్కేలు గీత తెస్తుందనుకుంది. వారం తిరక్కముందే ఫోన్ చేసి, కుడిచెయ్యి బాగానే ఉంది, ఎడమచెయ్యే మాట వినడంలేదన్నది. పాదం ముందుకు పోతుంటే వేళ్లు వెనకే ఉండిపోతాయి, స్కేలు అవతలి కొస జారుతుంది. మిషన్ ఆపి, సూది బట్టలో దించి, చెయ్యి జరుపుకొని మళ్లీ మొదలుపెట్టడం అలవాటు కావాలి. ఆ ఓపిక ఏ స్కేలుతోనూ రాదు. అయితే అది ఉందో లేదో స్కేలు పట్టగానే బయటపడుతుంది. అందుకే దాన్ని పారేయమనడం మానుకున్నాను.

గుండ్రటివి మాత్రం ఇప్పుడే వద్దన్నాను. నాలుగంగుళాల బిళ్ల చుట్టూ కుడితే నాలుగున్నర అంగుళాల సున్నా వస్తుంది, ఆ లెక్క తలకెక్కేసరికి బట్ట పాడవుతుంది. నిలువు స్కేలుతో మొదలుపెట్టమని, పైన పరవడానికి ఒక గళ్ళ చీర పంపుతున్నాను. గడి అర అంగుళం. స్కేలు అంచును గడి నడుమకు ఆనిస్తే చాలు, కుట్టు సరిగ్గా గీత మీద పడుతుంది.