తేనెరంగు పూస

హైదరాబాదు చిక్కడపల్లిలో మా బామ్మ ట్రంకుపెట్టెలో తేనెరంగు పూసల దండ ఒకటి ఉండేది. 33 పూసల తస్బీహ్, అంటే ముస్లింల జపమాల. పాతబస్తీ స్నేహితుడొకాయన తాతగారికి ఇచ్చారట. "అసలైన అంబరురా, జాగ్రత్త" అంటూ బామ్మ దాన్ని నా చేతిలో పెట్టింది. ఆ మాట ఎంత నిజమో తేల్చుకోవడానికి వంటింట్లోనూ పూజగదిలోనూ ఉన్న వస్తువులే సరిపోయాయి.

అంబరు రాయి కాదు. కోట్ల ఏళ్ల కిందటి చెట్ల బంక నేలలో గట్టిపడి మిగిలింది. రుద్దితే గడ్డిపరకను లాక్కుంటుంది కనుక సంస్కృతంలో తృణమణి అన్నారు. పారసీకంలో కహ్రుబా అన్న పేరుకూ అర్థం అదే. ఎంత ముచ్చటైన పేరో! పరీక్షకు మాత్రం అది చాలదు. రుద్దిన ప్లాస్టిక్ దువ్వెన కూడా కాగితం ముక్కల్ని లాగుతుంది కదా.

పనికొచ్చేది ఉప్పునీళ్లు. విత్తనపు వడ్లలో తాలు తీయడానికి రైతులు చేసే పనే ఇది. పావులీటరు నీళ్లలో 80 గ్రాముల ఉప్పు కరిగించి, దారం నుంచి విడదీసిన పూసను వేయాలి. అంబరు సాంద్రత 1.05 నుంచి 1.10 దాకా ఉంటుంది కనుక తేలుతుంది. అంబరులా కనబడే పాత ప్లాస్టిక్ బేకలైటు 1.25 పైన, కాబట్టి మునుగుతుంది. వడ్లలో మునిగింది మేలైతే ఇక్కడ తేలింది అంబరు. తేలినంత మాత్రాన నమ్మేయకూడదు, పాలిస్టైరీన్ పూస కూడా తేలుతుంది.

బామ్మ పూస బుడుంగున మునిగింది.

మునిగినా తేలినా ఏది ఏదో చెప్పేది ముక్కు. పూసను వేడినీళ్ల కింద అరనిమిషం పట్టుకోవాలి, లేదా బొటనవేలితో వేడెక్కేదాకా రుద్దాలి. వెంటనే వాసన చూడాలి. హారతి కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్. దాని తయారీలో నిజంగానే కర్పూరం కలుపుతారు. మాడిన పాల వాసనైతే పాలలోని కేసీన్‌తో చేసింది. అది నీళ్లు పీల్చుకుంటుంది, నానబెట్టకండి. పాత ఎర్ర లైఫ్‌బాయ్ సబ్బు గుర్తుందా? ఆ కార్బాలిక్ ఘాటు తగిలితే బేకలైటు కుటుంబమే. నిజమైన అంబరును గట్టిగా రుద్దితే గుగ్గిలం లాంటి వాసన. రోజూ దీపం పెట్టే ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ తేడాలు ఒకరు నేర్పనక్కర్లేదు.

కాల్చిన సూది గుచ్చి చూడమని కొందరు చెబుతారు. దయచేసి వద్దు. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. పాతకాలపు సినిమా రీళ్లు తగలబడింది ఆ గుణం వల్లే. మిగతా పూసలకు మానని మచ్చ పడుతుంది.

మా పూసకు సబ్బు ఘాటే వచ్చింది. బెల్జియంలో పుట్టిన లియో బేక్‌లాండ్ 1907లో అమెరికాలో ఫినాల్‌నూ ఫార్మాల్డిహైడ్‌నూ కలిపి ఈ పదార్థానికి దారి వేశాడు. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. నారాయణగూడ పాత ఇళ్లలోని గుండ్రటి నల్ల స్విచ్చులు దీనివే. వాటిలో చెక్కపొడి కలుస్తుంది. పొడి కలపకుండా కడ్డీలుగా పోతపోసి, కోసి, తిరుగుడు యంత్రం మీద చెక్కితే ఇలాంటి పూసలొస్తాయి. అందుకే వీటికి అచ్చు అతుకు గీత ఉండదు. మన ఊరికీ ఇది పరాయి సరుకు కాదు. బేకలైట్ హైలం కంపెనీ హైదరాబాదులోనే ఉండేది. ఎలక్ట్రీషియన్లు "హైలం షీటు" అనే మాటలో మన ఊరి పేరే ఉంది, హైదరాబాద్ లామినేటెడ్ అన్నదే కుదించుకుపోయి హైలం అయింది.

"ఓస్, ప్లాస్టిక్కేనా" అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. అరబ్బు, తుర్కీ దేశాల తస్బీహ్ ప్రియులు ఈ జాతి పాత పూసల్ని ఫాతురాన్ అని పిలిచి అపురూపంగా దాచుకుంటారు. అశోక్‌నగర్‌లో పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇలాంటి దండ కనబడితే పాతసామాన్ల తూకంలో వేయకండి. ముందు భూతద్దంతో పూస బెజ్జంలోకి చూడండి. గాలీ వెలుగూ తగిలిన పైభాగం ఏళ్లతరబడి ముదిరి గోధుమవన్నెకు తిరుగుతుంది, లోపల లేతగా ఉండిపోతుంది. దారం ఒరిసి బెజ్జం అంచులు నున్నబడి ఉంటాయి.

మా దండకు దారం మార్పించాను. పూసలకు పాలిష్ పెడతానన్నాడు దారం కట్టిన కుర్రాడు. పెట్టనివ్వలేదు. తాతగారి వేళ్లు తిరిగిన నునుపు అది.