నిరీక్షణను కుదించే నేర్పు

వీడియో గేమ్ సెకనుకు 60 చిత్రాల చొప్పున సాఫీగా నడవాలంటే ఒక్కొక్క చిత్రానికి, అంటే ఫ్రేముకు, దొరికే వ్యవధి దాదాపు 16.7 మిల్లీసెకన్లే కాగా, ఆ వ్యవధిలోనే ప్రాసెసర్ ఆటగాడు నొక్కిన బటన్‌ను గుర్తించి, పాత్రల కదలికలను లెక్కించి, గీయవలసిన వాటి వివరాలను గ్రాఫిక్స్ చిప్‌కు అందించాలి. ఈ పనికి తరచుగా అడ్డుపడేది కోరిన సమాచారం చేరడానికి పట్టే ఆలస్యం, అనగా లేటెన్సీ. ప్రధాన మెమరీ అయిన ర్యామ్ నుండి సమాచారం రావడానికి పట్టే పదుల నానోసెకన్లలో గణన విభాగమైన కోర్ వందలాది క్లాక్ చక్రాలను వృథాగా గడపవలసి రావచ్చు.

దీనికి విరుగుడు కోర్ చెంతనే ఉండి వేగంగా స్పందించే చిన్న నిల్వ అయిన క్యాష్. ప్రాసెసర్ల తయారీ సంస్థ ఏఎండీ ఇంజనీర్లు 2020 నాటి జెన్ 3 రూపకల్పనలో, అంతకుముందు నాలుగేసి కోర్లకు విడివిడిగా ఉన్న మూడవ స్థాయి క్యాష్‌ను ఎనిమిది కోర్లకు ఉమ్మడిగా 32 మెగాబైట్లు చేసి, 2022లో రైజెన్ 7 5800ఎక్స్3డీ చిప్‌లో దానిపై మరో 64 మెగాబైట్ల పొరను పేర్చారు. దీనివల్ల గరిష్ఠ గడియార (క్లాక్) వేగం 4.7 నుండి 4.5 గిగాహెర్ట్జ్‌కు తగ్గినా అనేక ఆటలలో ఫ్రేముల సంఖ్య పెరిగింది. 2024లో 9800ఎక్స్3డీలో ఆ పొరను కోర్ల అడుగుకు మార్చడంతో వేడి బయటికి పోవడం కూడా సులువైంది. గడియార వేగం ఒక్కటే ప్రాసెసర్ సామర్థ్యానికి కొలమానం కాదని ఈ రూపకర్తల పనితనం నిరూపించింది.