అల్లరి ఖరీదు: తెలుగు కుటుంబ హాస్య చిత్రాల్లో జంతువు

ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో 1908లో జన్మించిన ఎల్.వి. ప్రసాద్, నూజివీడులో జన్మించిన ఎస్.వి. రంగారావు, తాడేపల్లిగూడెంలో తన పేరిట సినిమాహాలు కట్టించిన రేలంగి వెంకట్రామయ్య. ఈ ముగ్గురూ కలిసి పనిచేసిన చిత్రం ‘మిస్సమ్మ’ (1955). అందులో అల్లరి చేసే జంతువేదీ లేదు. అయినా జంతు హాస్యంపై చర్చను అక్కడినుంచే ఆరంభించడం సమంజసం. ఇద్దరు నిరుద్యోగులు పొట్టకూటికోసం భార్యాభర్తలుగా నటించడమే ఆ కథకు మూలం. తెలుగు కుటుంబ హాస్యం తొలినుంచీ జీతం, అద్దె, భోజనం అనే లెక్కల చుట్టూ తిరిగింది. ఆ లెక్కలోకి జంతువు ప్రవేశిస్తే ఏమవుతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

ఎస్.వి. కృష్ణారెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘రాజేంద్రుడు గజేంద్రుడు’ (1993) ఈ ప్రశ్నకు సూటిగా సమాధానమిచ్చిన చిత్రం. అద్దె కట్టలేని నిరుద్యోగికి లాటరీలో ఏనుగు దక్కుతుంది. ‘తాను దూర సందు లేదు, మెడకో డోలు’ అన్న సామెతకు ఇంతకంటే పెద్ద డోలు దొరకదు. ఎదిగిన ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత కావాలి. దాని యజమానికే పూట గడవడం గండం. అందువల్ల ఈ చిత్రంలో మనం అల్లరిగా చూసి నవ్వేది నిజానికి ఆకలి. ఏనుగు తుంటరిది కాదు, తిండి అవసరమైనది. రాజేంద్రప్రసాద్ ముఖంలో నవ్వు, దిగులు ఒకదానినొకటి తోసుకురావడానికి కారణం ఈ ఇబ్బందే. అతడూ ఆ ఏనుగూ ఒకే స్థితిలో ఉన్నారు: ఇద్దరికీ జాగా లేదు, ఇద్దరి ఉనికీ ఇంటి యజమానికి నష్టమే.

ఉత్తరార్ధంలో చిత్రం ఈ పట్టును సడలించింది. పూర్వ యజమాని హత్యకు సాక్షి అయిన ఏనుగు ప్రతీకారానికి పూనుకోగానే మేత ఖర్చు ప్రస్తావన వెనుకబడుతుంది. భారం ఉపకారిగా మారుతుంది. వినోదానికి అది అవసరమే కావచ్చు. కానీ పూర్వార్ధంలోని హాస్యానికి ఉన్న చేవ అక్కడ లేదు. మన చిత్రాల్లో జంతువు తన తిండి తాను సంపాదించుకున్నాకనే కుటుంబ సభ్యత్వం పొందుతుందేమో!

అల్లరి అన్న మాటను నష్టపోయేవారు వాడరు. కొల్లేటి ప్రాంతం ఇందుకు నిదర్శనం. కొల్లేరును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులని పిలిచే పెలికాన్ పక్షులు గూళ్లు కడతాయి. వాటిని చూడటానికి పిల్లలను వెంటబెట్టుకొని కుటుంబాలు వస్తాయి. అవే పక్షులు చేపల చెరువు మీద వాలితే కాపలాదారు చప్పుళ్లు చేసి తరుముతాడు. పక్షి చేసే పని రెండుచోట్లా ఒకటే. పడవలోని సందర్శకుడికి అది ముచ్చట, చెరువు రైతుకు దొంగతనం. వరిచేలో పడిన గేదెను బందెలదొడ్డికి తోలే పల్లెలోనూ ఇదే న్యాయం. ఇటువంటి ప్రేక్షకుడు ఏనుగు సినిమాకు నవ్వుతున్నప్పుడు మేత లెక్క అతని మనసులో నడుస్తూనే ఉంటుంది. కొల్లేరు పేరు ‘కొల్లేటి కాపురం’ (1976) శీర్షికలోకి ఎక్కింది. దాని పక్షుల తుంటరితనం, అందువల్ల వచ్చే తగవు మాత్రం మన కుటుంబ హాస్యానికి ఇంకా వస్తువు కాలేదు.

రాజమౌళి ‘ఈగ’ (2012) ఈ చిక్కును వేరే దారిన తప్పించుకుంది. ప్రతినాయకుని నిద్ర చెడగొట్టే ఈగ చేష్టలు గొప్ప హాస్య సన్నివేశాలే. కానీ ఆ ఈగ మనిషి పునర్జన్మ. దానికి పగ ఉంది, పథకం ఉంది, కారు అద్దం మీద బెదిరింపు రాసే అక్షరజ్ఞానమూ ఉంది. నష్టమంతా హంతకుడిదే కాబట్టి ప్రేక్షకుడు నిశ్చింతగా నవ్వుతాడు. సాంకేతికంగా సాటిలేని చిత్రమే, జంతువును గురించిన చిత్రం మాత్రం కాదు.

‘అల్లరి’ (2002) అనే చిత్రంతోనే దర్శకుడైన రవిబాబు ‘అదుగో’ (2018)లో పందిపిల్లను కథానాయకస్థానంలో నిలిపాడు. ఎంపికలో సాహసముంది. తెలుగు సమాజంలో పంది కేవలం జంతువు కాదు. ఊరి అంచు, మురుగు, కులం దానితో ముడిపడి ఉన్నాయి. పందుల పెంపకం జీవనాధారంగా బతికిన ఎరుకలవారిని ఊరు ఎలా చూసిందో తెలిసిందే. చిత్రం ఈ చరిత్రను తాకదు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో శుభ్రమైన, బొమ్మవంటి పందిపిల్లను సృష్టించి, దానివెంట ముఠాలను పరుగెత్తించింది. పిల్లలు ముద్దాడదగిన జీవిగా పందిని చూపడం చిన్న విషయం కాదు. అయితే ‘రాజేంద్రుడు గజేంద్రుడు’లో ఏనుగు తిండి ఎవరు పెట్టాలన్నది ప్రతి సన్నివేశంలో వేధిస్తే, ఇక్కడ ఆ ప్రశ్నే పుట్టదు. పందిపిల్ల పరుగు మనకు గుర్తుంటుంది, దాని ఆకలి గుర్తుండదు. పందులను మేపి బతికే మనిషికి ఈ కథలో చోటు దొరకలేదు.